మనిషిని మనిషితో కాదు, దారిని దారితో పోల్చుకుందాం

(మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల ఆదివాసీ విద్యార్థులు, నిరుద్యోగ యువత కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక టీచరక్క మాట్లాడిన మాటలివి. చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేసి పెడుతున్నాం.)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నన్ను ఈ రోజు పోటీ పరీక్షల మీద మాట్లాడమన్నరు. ఏ పుస్తకాలు చదవాలె, ఎట్ల చదవాలె అని కాగితం మీద రాసుకొని వచ్చిన. కానీ రాత్రి అన్నం తిన్నంక ఒక చెల్లె వచ్చి నా పక్కన కూర్చున్నది. మహాముత్తారం దిక్కు పిల్ల. డిగ్రీ అయిపోయి రెండేండ్లయింది. "అక్కా, రాత్రిపూట ఫోన్ చూస్తే నిద్ర పడ్తలేదు. నాతోటి చదివినామె హైదరాబాద్‌ల ఉద్యోగం జేస్తున్నది. ఇంకొకామె పెండ్లి జేసుకొని కెనడా పోయింది. రోజూ ఫొటోలు పెడ్తరు. నేనేమో మొన్న ఎండాకాలం తునికాకు కోసిన. నాలనే ఏదో తక్కువున్నదక్కా" అన్నది.

వెంటనే ఏం చెప్పాలో నాకు తోచలేదు. "అట్ల అనుకోకు బిడ్డా" అనొచ్చు. కానీ అట్లనే అనుకుంటున్న మనిషికి అట్ల అనుకోకు అంటే అది జవాబు కాదు. పొద్దున దాక ఆలోచించిన. ఆ పరీక్షల కాగితం పక్కన పెట్టి, ఆ చెల్లెకు చెప్పాల్సిన జవాబే మీ అందరి ముందర చెప్తున్న. ఎందుకంటే ఆ మాట ఆమె ఒక్కతిది కాదు. ఒకప్పుడు అది నా మాట కూడా.

నాది గంగారం దిక్కు ఒక కోయ గూడెం. ఆశ్రమ పాఠశాలల చదివిన. 2005లో డిగ్రీకి హన్మకొండ పోయిన. గూడెంల నేను బాగా చదివే పిల్లను. హన్మకొండ పోయినంక మొదటి నెలలోనే నేను ఎందుకూ పనికిరానిదాన్ని అయిపోయిన. నా తెలివి ఒక్క నెలలో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. చుట్టూ ఉన్నోళ్ళు మారిండ్రు, అంతే. పక్క బెంచీ అమ్మాయి ఇంగ్లీషుల నోట్స్ రాసుకునేది. నేను తెలుగుల రాసుకొని, దాన్ని చేత్తో కప్పుకునేదాన్ని. వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు తెరిచి కలిసి తినేటోళ్ళు. నేను హాస్టల్‌కు పోయి తిని వస్తనని చెప్పి బయటికి పోయేదాన్ని. కొన్నిసార్లు తినేదాన్ని కూడా కాదు.

ఆ ఏడు పరీక్ష ఫీజు కట్టే టైముకు మా నాయిన వచ్చిండు. మిరపకాయ ఏరడానికి పోయి, ఆ కూలి డబ్బులు పట్టుకొని, నర్సంపేట మీదికెళ్ళి బస్సుల వచ్చిండు. సంచిల ఉడకబెట్టిన కందికాయలు, ఒక సీసాల తేనె. హాస్టల్ గేటు దగ్గర నిలబడి నన్ను కోయల పిలిచిండు. నా పక్కన ఇద్దరు క్లాస్‌మేట్స్ ఉన్నరు. "ఎవరే ఆయన?" అని ఒకామె అడిగింది. "మా ఊరాయన" అన్న.

నాయిన విన్నడు. ఏమీ అనలేదు. దగ్గరికి వచ్చి డబ్బులు చేతిల పెట్టిండు. "మంచిగ చదువుకో బిడ్డా, పైసలు జాగ్రత్త" అన్నడు. తెలుగుల అన్నడు. పుట్టినప్పటి నుంచి మా నాయిన నాతోటి తెలుగుల మాట్లాడింది అదే మొదటిసారి. నా సిగ్గు ఏమిటో ఆయనకు అర్థమైంది. నన్ను కాపాడదామని తన భాషను మింగేసిండు.

ఇది చెప్పి మిమ్మల్ని ఏడిపిద్దామని కాదు. పోల్చుకోవడం ఎంత దూరం తీసుకుపోతదో చూపెడుతున్న. అది మొదట నిద్ర పోగొడుతది. తర్వాత భాష పోగొడుతది. ఆఖరికి సొంత నాయినను ఊరాయనను చేస్తది.

మరి పోల్చుకోవడం మానేస్తే సరిపోతదా? మానేయలేం. 1954లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఒక సిద్ధాంతం రాశారు. మనిషికి తను ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవాలనే కోరిక ఉంటుంది. ఎత్తు, బరువు అయితే కొలవడానికి పరికరం ఉంది. నేను తెలివైనదాన్నా, నా బతుకు సరిగ్గా నడుస్తోందా అనేవాటికి పరికరం లేదు. అందుకని పక్కవాళ్ళను చూసి కొలుచుకుంటాం. అదీ ఎక్కడో ఉన్న కోటీశ్వరుడితో కాదు, మనలాంటి వాళ్ళే అనుకునే వాళ్ళతో. చెల్లెకు అంబానీ ఇల్లు చూస్తే నిద్ర పోలేదు. తనతో ఒకే బెంచీ మీద కూర్చున్న అమ్మాయిని చూస్తే పోయింది. అది ఆమె బలహీనత కాదు, మనిషి తీరే అంత.

మన పెద్దోళ్ళు కూడా పోల్చుకున్నరు. తునికాకు కల్లం దగ్గర చూడండి. యాభై ఆకులకు ఒక కట్ట. సాయంత్రం కల్లంల కట్టలు పేర్చి లెక్క పెడ్తరు. ఫలానా ఇంటోళ్ళవి రెండు వందల కట్టలు, మనవి నూట ఇరవయ్యే అని అందరికీ కనబడుతది. అయినా నూట ఇరవై తెచ్చినామె ఇంటికి పోయి నేను ఎందుకూ పనికిరాననుకోదు. ఎందుకు? ఆమెకు చంటిపిల్ల ఉన్నదని గూడెమంతటికీ తెలుసు. ఆమె పోయిన దిక్కు నిరుడు కొమ్మ కొట్టలేదని, ఆకు సరిగ్గా ఎదగలేదని తెలుసు. రెండు వందలు తెచ్చిన ఇంట్లో కోసే చేతులు నాలుగున్నయని తెలుసు. అక్కడ కట్టల లెక్కతో పాటు అడివి కూడా కనబడుతది.

ఫోన్‌ల కట్టల లెక్క ఒక్కటే కనబడుతది. అడివి కనబడదు.

ఇంకో సంగతి. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సమాజ శాస్త్రవేత్త ఒక చిత్రమైన లెక్క రాశారు. చాలామందికి తమ స్నేహితులకంటే తక్కువ మంది స్నేహితులు ఉంటారు. ఇదెట్ల అంటే, ఊరంతటితో స్నేహం ఉన్న మనిషి ఊరంతటి జాబితాలో ఉంటాడు. ఎవరితో కలవని మనిషి ఎవరి జాబితాలోనూ ఉండడు. అందుకని ఎవరి జాబితా చూసినా అందులో ఎక్కువ పరిచయాలున్న వాళ్ళే కనబడతారు. ఫోన్‌ల కూడా నేనిట్లనే లెక్క వేసుకుంట. ఎక్కువ తిరిగేటోళ్ళు, ఎక్కువ ఫొటోలు పెట్టేటోళ్ళు అందరి ఫోన్లల్ల ఉంటరు. ఆ చెల్లె క్లాసుల నలభై మంది ఉంటే, ఇద్దరి ఫొటోలు రోజూ వస్తయి. మిగిలిన ముప్పై ఎనిమిది మంది ఏం జేస్తున్నరో ఆమెకు తెలవదు. వాళ్ళల్ల సగం మంది ఆమె లెక్కనే రాత్రి ఫోన్ పట్టుకొని మేల్కొని ఉండొచ్చు. ఇద్దర్ని చూసి నలభై మందీ ముందుకు పోయిండ్రనుకుంటున్నది.

ఇప్పుడు అసలు సంగతికొస్త. దీనికి నా ఇంట్లనే సాక్ష్యం ఉన్నది.

నేను 2012 డీఎస్సీల ఎస్జీటీగా ఉద్యోగం తెచ్చుకున్న. మా గూడెంల చానా రోజులు అందరూ నన్ను చూపెట్టి పిల్లలకు చెప్పేటోళ్ళు. "అక్క లెక్క చదువుండ్రి" అని. మా చిన్నమ్మ కొడుకు ఆ మాట వింటూ పెరిగిండు. నాకంటే తెలివైనోడు. డీఎడ్ జేసిండు, టెట్ పాసైండు. 2024 డీఎస్సీ రాసిండు. మార్కులు మంచిగనే వచ్చినయి. ఉద్యోగం రాలేదు. అప్పటి నుంచి పండుగలకు నేను గూడెం పోతే వాడు ఇంట్ల ఉండడు. ఒకరోజు వాగు దగ్గర దొరికిండు. "నిన్ను చూస్తే నేను ఓడిపోయిన్నని యాదికొస్తదక్కా" అన్నడు.

తమ్ముడికి నేను చెప్పింది మీకూ చెప్తున్న. నువ్వు ఓడిపోయి నేను గెలవలేదురా. నేను నడిచిన దారి నువ్వు వచ్చేసరికి మూసేసిండ్రు.

ఆ దారి పేరు జీవో నంబర్ 3. 2000 సంవత్సరం జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలోని బడుల్లో టీచర్ పోస్టులన్నీ, నూటికి నూరు శాతం, స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ఆ జీవో చెప్పింది. కారణం తెలిసిందే. బయటి నుంచి వచ్చే సార్లు చాలా చోట్ల రోజూ బడికి రారు. పిల్లల భాష వాళ్ళకు రాదు. ఆ జీవో వల్లనే నాలాంటోళ్ళు ఎంతోమంది ఆడపిల్లలు సొంత మండలాల్లో టీచర్లైనం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవో చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను తీసేయలేదు. అందుకని నా ఉద్యోగం నిలబడ్డది. ఆ తర్వాత వచ్చిన తమ్ముడికి ఆ రక్షణ లేదు.

ఇప్పుడు చెప్పండి. మా ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి అక్క గొప్పది, తమ్ముడు పనికిరాడంటే అది నిజమా? మనిషిని మనిషితో పోలిస్తే వచ్చే జవాబు అబద్ధం. దారిని దారితో పోలిస్తే వచ్చే జవాబు నిజం. మొదటి పోలిక తమ్ముడిని వాగు ఒడ్డున ఒంటరిగా కూర్చోబెట్టింది. రెండో పోలిక అయితే వాడిని నలుగురి దగ్గరికి తెస్తది. "ఈ రక్షణ మళ్ళీ ఎట్ల సాధించాలె?" అని అడిగిస్తది. నేను ఈ రోజు చెప్పదల్చుకున్నది ఈ ఒక్క మాటే.

మన మూడు జిల్లాల మ్యాప్ తీసుకోండి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మూడూ ఒకే రోజు పుట్టినయి. కానీ మూడింట్ల మన దారి ఒకటి కాదు. మహబూబాబాద్ జిల్లాల కొత్తగూడ, గంగారం దిక్కు ఐదో షెడ్యూల్ ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉన్నది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ కాగితం మీదైనా ఒక కంచె ఉన్నది. జనగామ జిల్లాల షెడ్యూల్డ్ ఏరియా లేదు. భూపాలపల్లి సంగతి ఇంకా చిత్రం. మహదేవపూర్, మహాముత్తారం, పలిమెల దిక్కు చుట్టూ అడివే, గోదావరే. కోయలున్నరు, నాయకపోళ్ళున్నరు. కానీ ఆ మండలాలు పాత కరీంనగర్ జిల్లాల ఉండేవి. పాత కరీంనగర్‌ల ఒక్క ఊరు కూడా ఐదో షెడ్యూల్‌ల లేదు. అడివి ఒకటే, భాష ఒకటే. గీత ఇటు పక్క ఉంటే ఒక చట్టం, అటు పక్క ఉంటే ఇంకో చట్టం.

మహాముత్తారం చెల్లె తనను గంగారం పిల్లతో పోల్చుకున్నా, హన్మకొండ పిల్లతో పోల్చుకున్నా, ఈ గీత ఎక్కడుందో తెలవకుండ పోల్చుకుంటే ఆ లెక్క తప్పే.

ఒక అంకె కూడా గుర్తు పెట్టుకోండి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో అక్షరాస్యత సుమారు 66.5 శాతం. ఎస్టీలలో 49.5 శాతం. అంటే ఈ చెల్లె చిన్న పిల్లగా ఉన్నప్పుడు మనోళ్ళల్ల సగం మందికి చదవడం రాదు. ఆ ఇంట్ల నుంచి వచ్చి డిగ్రీ జేసింది. ఇంట్ల హోంవర్క్ చెప్పేటోళ్ళు లేరు. ఏ కోర్సు తీసుకోవాలో చెప్పేటోళ్ళు లేరు. ఆమె నడిచిన దూరం ఎంతో చూడకుండ ఎక్కడ ఆగిందో ఒక్కటే చూస్తే ఎట్ల?

ఇక్కడ ఒక ముల్లు లాంటి సంగతి ఉన్నది. తప్పించుకుంటే నా మాటకు విలువ ఉండదు. మనల్ల మనమే పోల్చుకునే సంగతి. గూడెం పిల్లలు తండా పిల్లల్ని చూసి, "ఉద్యోగాలన్నీ వాళ్ళకే పోతున్నయి" అంటరు. 1976 చట్టంతోటి తెలంగాణల లంబాడీలు ఎస్టీ జాబితాలకు వచ్చినప్పటి నుంచి ఈ మాట ఉన్నది. గత కొన్నేండ్లుగా అది పెద్ద ఉద్యమమైంది. ఎవరి వాటా ఎంత అనేది న్యాయమైన ప్రశ్నే. దాన్ని సభలల్ల, కోర్టులల్ల, లెక్కల కాగితాలతోటి అడగాలె. అడుగుదాం. అది దారుల మీది ప్రశ్న. కానీ హాస్టల్‌ల పక్క మంచం మీద పడుకున్న తండా పిల్ల మీద పగ పెంచుకోవడం అదే ప్రశ్న కాదు. ఆ పిల్ల నాయిన కూడా కూలికి పోయి ఫీజు కట్టిండు. జనగామ తమ్ముళ్ళకు తెలుసు, దేవరుప్పుల మండలం ధర్మాపురం దగ్గరి తండాల జాటోత్ ఠాణూ నాయక్ భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌తోటి కొట్లాడి 1950లో ప్రాణమిచ్చిండు. వాటా అడుగుతూనే మనిషిని మనిషిగా చూడొచ్చు. రెండూ ఒక్క నోటితోటే చేయొచ్చు.

కిందికి చూసి తృప్తి పడమని కూడా నేను చెప్పను. ఈ మాట చానామంది చెప్తరు. "నీకంటే లేనోళ్ళను చూడు, అప్పుడు మనసు కుదుటపడుతది" అంటరు. మన పక్కనే గుత్తికోయలున్నరు. 2005లో ఛత్తీస్‌గఢ్‌ల సల్వాజుడుం మొదలైనంక ఊర్లు విడిచి వచ్చినోళ్ళు. భూపాలపల్లి, ములుగు అడవులల్ల ఉంటరు. మన భాషకు దగ్గరి భాషే మాట్లాడుతరు. చానామందికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు. సర్టిఫికెట్ లేకపోతే హాస్టల్ సీటు కష్టం, స్కాలర్‌షిప్ కష్టం. వాళ్ళ పిల్లను చూసి "నేను నయం" అని నిద్రపోతే, అది మన బాధకు వాళ్ళ బాధను దిండుగ పెట్టుకోవడమే. వాళ్ళ దారి ఎందుకు మూసి ఉన్నది అని అడగాలె. పైకి చూసినా కిందికి చూసినా అడగాల్సిన ప్రశ్న ఒకటే.

"ఉన్నదాంతోటి తృప్తి పడుండ్రి" అని ఆదివాసీలకు చెప్పేటోళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఆ మాట చెప్పేటోళ్ళు తాము ఉన్నదాంతోటి తృప్తి పడరు. నేను చెప్పేది అది కాదు. నీకు ఉద్యోగం కావాలె, భూమి పట్టా కావాలె, మంచి ఇల్లు కావాలె. అడుగు. కొట్లాడు. కానీ అవి దొరికేదాక నేను తక్కువదాన్ని అనే మాట మాత్రం నోట్ల పెట్టుకోకు. నీ విలువ వేరు, నీకు రావాల్సింది వేరు. రావాల్సింది ఇంకా రాలేదు. విలువ మాత్రం ఎప్పుడూ పోలేదు.

గెలిచినోళ్ళ కథలు కూడా మనకు రెండు తీర్ల చెప్పొచ్చు. మాలావత్ పూర్ణ తెలుసు కదా. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. 2014 మే 25న, పద్నాలుగేండ్లు కూడా నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ కథను కట్టెలాగ పట్టుకొని, "పూర్ణ ఎక్కింది, నీకేమైంది?" అని కొట్టొచ్చు. లేదంటే ఆమె దారి ఏమిటని అడగొచ్చు. అడిగితే ఏం తెలుస్తది? ఆమె ఒక్కతే పోలేదు. ఖమ్మం దిక్కు నుంచి ఆనంద్ కుమార్ అనే పిల్లగాడు కూడా ఆ రోజే ఎక్కిండు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. జనగామకు దగ్గర్లనే ఉన్న భువనగిరి గుట్ట మీద ముందు శిక్షణ ఇచ్చిండ్రు. తర్వాత డార్జిలింగ్, లడఖ్ తీసుకపోయిండ్రు. ఖర్చు పెట్టినోళ్ళున్నరు, నేర్పినోళ్ళున్నరు. దమ్ము పూర్ణది, ఆనంద్‌ది. దాన్ని మనం తక్కువ చేయట్లేదు. కానీ దారి వేసింది ఒక వ్యవస్థ. అట్లాంటి దారి వేస్తే మన గూడేలల్ల ఎంతమంది పూర్ణలున్నరో ఎవరికి తెలుసు?

ఇంకొకరి కథ. జైపాల్ సింగ్ ముండా. జార్ఖండ్ ఆదివాసీ. ఆక్స్‌ఫర్డ్‌ల చదివిండు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్. ఆ జట్టు బంగారు పతకం తెచ్చింది. బయటి లోకం కొలిచే ఏ కొలమానం పెట్టినా ఆయన పెద్దోడే. అట్లాంటి మనిషి 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి ఏం చెప్పిండు? మేం మీ అంత అయినం, మమ్మల్ని మీతోటి కూర్చోనియ్యండ్రి అనలేదు. నేను జంగ్లీనేనని గర్వంగా చెప్పుకున్నడు. ఆదివాసీలకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, మీరే మా దగ్గర నేర్చుకోవాలె అని అన్నడు. పోలికను తిప్పి పెట్టిండు. మీ కొలమానం ఒక్కటే కొలమానం కాదని చెప్పిండు.

మన దిక్కునే చూడండి. మణుగూరు దగ్గరి కూనవరంల సకిని రామచంద్రయ్య తాత ఉండేటోడు. కోయ వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ డోలు కొట్టి పాడేటోడు. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024లో పోయిండు. ఆయన తలకాయల ఉన్న కథలు పోటీ పరీక్ష పేపర్‌ల ఎన్ని మార్కులు తెస్తయి? ఏమీ తేవు. అంతమాత్రాన ఆయనకు ఏమీ తెలవదనగలమా? పరీక్ష రాయండి, గెలవండి. కానీ పరీక్ష మనిషి మొత్తాన్ని కొలుస్తదని నమ్మకండి.

కొలిచే తక్కెడే తప్పయిన రోజులు కూడా చూసినం. 2019 ఏప్రిల్‌ల మన రాష్ట్రంల ఇంటర్ ఫలితాలు వచ్చినంక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. ఆ ఫలితాలల్లనే తప్పులు జరిగినయని తర్వాత బయటపడ్డది. ఒక కాగితం మీది అంకెను చూసి ఆ పిల్లలు తమ బతుకు మొత్తాన్ని కొలుచుకున్నరు. అందుకనే ఈ సంగతిని చిన్నగ తీసుకోవద్దంటున్న.

మరి ఏం చేయాలె? నాకు తెలిసినవి నాలుగు చెప్త.

ఒకటి. నిన్ను నీ నిన్నటితోటి పోల్చుకో. హన్మకొండల రెండో ఏడు నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్న. పొద్దుమూకి ఒక్క లైను రాసేదాన్ని. ఈ రోజు ఇంతకుముందు తెలవనిది ఏం తెలిసింది అని. కొన్ని రోజులు ఇంగ్లీషుల ఒక్క మాట రాసేదాన్ని. ఏడాది తర్వాత తిరగేస్తే నాకే ఆశ్చర్యమైంది. పక్క బెంచీ అమ్మాయిని నేను దాటలేదు. కానీ గంగారం నుంచి వచ్చిన ఆ పిల్లను చానా దూరం దాటిన.

రెండు. ముందుకు పోయినోళ్ళను చూసి కుమిలిపోకు, వాళ్ళకు ఫోన్ జెయ్యి. "ఎట్ల పోయినవ్? ఫీజు ఎంత? ఎవరు సాయం జేసిండ్రు? ఎన్నిసార్లు తప్పినవ్?" అని అడుగు. నిన్న రాత్రి ఆ చెల్లెతోటి హైదరాబాద్ అమ్మాయికి అక్కడే ఫోన్ జేయించిన. ఆ అమ్మాయి ఏం చెప్పిందో తెలుసా? పద్నాలుగు వేల జీతమట. అందుల ఆరు వేలు హాస్టల్‌కే పోతయట. "ఇంటికి రావాలని ఉన్నది, నీ ఫొటోలల్ల వాగు చూస్తే ఏడుపొస్తది" అన్నదట. మన చెల్లె ఎప్పుడో వాగు ఫొటో పెట్టింది. దాన్ని చూసి అక్కడ ఆ పిల్ల కుమిలిపోతున్నది.

మూడు. దారి మూసి ఉందని తెలిస్తే ఒక్కదానివే కూర్చోకు, పది మందితో కలిసి అడుగు. మా బడిల టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీ, ఎన్నేండ్ల నుంచి ఖాళీ అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నోళ్ళకు ఫీజు కూడా లేదు. పెసా చట్టం ఉన్న ఊర్లల్ల గ్రామసభల కూర్చోండి. షెడ్యూల్డ్ ఏరియా లేని ఊర్లోళ్ళు ఆ గీత సంగతి అడగండి. నీ ఒక్కదాని బాధ అనుకున్నది పది దరఖాస్తులల్ల కనబడితే, అది నీ లోపం కాదని నీకే తెలుస్తది.

నాలుగు. బరువు మరీ ఎక్కువైతే, బతకాలని అనిపించకపోతే, దాచుకోకండి. ఇంట్ల ఒక్కరికి, స్నేహితులల్ల ఒక్కరికి చెప్పండి. 14416 నంబర్‌కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్ళు రాత్రయినా పగలైనా మాట్లాడుతరు, తెలుగులనే. పైసలు కట్టనవసరం లేదు. ఇది సిగ్గుపడాల్సింది కాదు. జ్వరమొస్తే దవాఖానకు పోతం కదా.

ఆఖరుకు మా నాయిన సంగతి చెప్పి ముగిస్త.

ఉద్యోగం వచ్చినంక మొదటి జీతం తీసుకొని గూడెం పోయిన. ఆ గేటు దగ్గరి మాట ఏడేండ్లు నా గొంతుల ఉన్నది. "నాయినా, ఆ రోజు నిన్ను ఊరాయన అన్న" అని కోయల చెప్పిన. ఆయన చానాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లల నాయినలు గూడ హాస్టల్‌కు ఫీజులు పట్టుకొనే వచ్చిండ్రు కదా బిడ్డా. ఆళ్ళు బండ్ల మీద వచ్చిండ్రు, నేను బస్సుల వచ్చిన. పని ఒక్కటే" అన్నడు.

నేను పుస్తకాలల్ల వెతికిన సంగతి ఆయనకు ముందే తెలుసు. నాయినకు నాయినకు తేడా లేదు. తేడా బండికి, బస్సుకు. ఆ బస్సు కూడా లేని ఊర్లు మనకు ఇంకా ఉన్నయి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

చెల్లే, నువ్వు మొన్న కోసిన తునికాకు కట్టలు ఎన్నో, ఈ రాత్రి నాకు చెప్పు. నేను డిగ్రీ సెలవులల్ల ఎన్ని కోసిన్నో నీకు చెప్త. అవి ఎవరికీ చెప్పకుండ దాచిన లెక్కలు. ఇక దాచొద్దు.